అర్జీల ధర్మలింగం

నేతసంఘం ఉద్యోగుల కోసం నలభై ఏళ్ళ కిందట తిరుత్తణిలో కట్టిన వేలవన్ క్వార్టర్స్‌లో ధర్మలింగం అంటే అర్జీల ధర్మలింగమే. సంఘంలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పైకప్పు పెచ్చులూడుతోందనీ, గోడలు పగిలాయనీ పద్దెనిమిదేళ్ళుగా సంఘం ఆఫీసుకు నెలకొక అర్జీ పంపుతూనే ఉన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఆఫీసుల్లో ఎవరూ చదవరని ఆయన నమ్మకం. అందుకని కాస్త కారం దట్టించేవాడు. "పన్నెండో నంబరులో మిక్సీ వేసిన యెడల కింద ఎనిమిదో నంబరులో గిన్నెలు నాట్యమాడుచున్నవి" అని ఒకసారి రాసి, ఆ వాక్యాన్ని భార్య దేవసేనకు మూడుసార్లు చదివి వినిపించాడు.

పద్దెనిమిదేళ్ళూ ఒక్క జవాబు రాలేదు. ఆ మంగళవారం వచ్చింది. ఫిర్యాదులన్నీ న్యాయమైనవేననీ, కట్టడం కాపురానికి పనికిరాదనీ, పడగొట్టి తొమ్మిదంతస్తులు కట్టి, చీట్లు వేసి అందులో ఇళ్ళు ఇస్తామనీ, సమ్మతి సంతకాలు పెట్టి మూడు నెలల్లో ఖాళీ చేయాలనీ ఆఫీసువాళ్ళు గేటుకు నోటీసు అంటించి పోయారు.

ఎనిమిదో నంబరు మునిలక్ష్మి నేరుగా వచ్చి గడపలో నిలబడింది.

"ఏమి మామా, నీ చెయ్యి ఊరికే ఉండదా? ఇప్పుడు మేమంతా యాడికి పోయేది?"

"ఇన్నేండ్లు ఎవురూ చదవలేదు గదమ్మే. ఇప్పుడు చదువుతారని నేను కలగన్నానా?"

"రాసింది నువ్వు. అదంతా అబద్ధమని కూడా నువ్వే చెప్పల్ల."

ఆమె వెళ్ళాక ధర్మలింగం ఇల్లంతా ఒకసారి కలయజూశాడు. ఎప్పుడూ తప్పులు వెతకడానికే చూసిన ఇల్లు. కిటికీ పక్కన, ముప్పై ఏళ్ళుగా తల ఆనించి పేపరు చదివిన చోట, గోడకు గుండ్రంగా నూనె మరక. తొమ్మిదంతస్తుల వాళ్ళు దాన్ని ఎక్కణ్ణించి తెస్తారు? కట్టడం గట్టిదని నిరూపించే పని నెత్తిన వేసుకున్నాడు.

శుక్రవారం ఇంజనీరు తనిఖీకి వస్తుందని కబురు. రెండు రోజులు క్వార్టర్స్‌లో పెళ్ళిసందడి. పన్నెండో నంబరు కుప్పమ్మ తన గోడకున్న ఏడు పగుళ్ళ మీదా ఏడు క్యాలెండర్లు తగిలించింది. ఒకదానిలో మార్చి, ఒకదానిలో నవంబరు, ఒకటి ఆరేళ్ళ కిందటిది.

ఇంజనీరు ప్రియదర్శిని చిన్న వయసు పిల్ల. చంకలో లావుపాటి ఫైలు.

"ధర్మలింగం సార్ ఎవురు? నేనూ తెలుగు పిల్లే సార్, మాది పళ్ళిపట్టు. మీ మనులన్నీ, అదే మీ అర్జీలన్నీ, చదివినా. ఎంత బాగా రాసినారు సార్! మా రిపోర్టులో సగం మీదే."

ఆ ఒక్క మాట కోసం పద్దెనిమిదేళ్ళు కాచుకున్న మనిషి. మంచులా కరిగిపోబోయాడు. మునిలక్ష్మి గట్టిగా దగ్గింది.

"అదంతా కొంచెం ఎక్కువ చేసి రాసినానమ్మా," అన్నాడు ఆయన తలదించుకుని. "బిల్డింగు ఇనుము."

"అట్లనా? మిక్సీ వేసి చూస్తామా?"

మునిలక్ష్మి గబగబా తన ఇంట్లోకి పోయింది. పైన కుప్పమ్మ మిక్సీ వేసింది. ప్రియదర్శిని ఎనిమిదో నంబరులోకి అడుగుపెట్టేసరికి మునిలక్ష్మి రెండు చేతులూ చాపి, గిన్నెల అరను వాటేసుకుని, ఒక పెద్ద గుండిగకు చెంప ఆనించి నిలబడి ఉంది. గిన్నెలు కదలడం లేదు. ఆమె గాజులు మాత్రం గలగలమంటున్నాయి.

"ఏమక్కా ఇది?"

"మా ఇంటి పళక్కం అమ్మా, ఆనవాయితీ. శుక్రవారమైతే గిన్నెల్ని ఇట్ల కావలించుకుంటాం," అంది వణుకుతున్న గొంతుతో.

అప్పుడే పైకప్పు నుంచి అరచేయంత పెచ్చు ఊడి సరిగ్గా ఫైలు మీద పడింది.

ప్రియదర్శిని ఫైలు దులిపింది. నవ్వలేదు. "అన్నీ బాగుంటే ఇన్నేండ్లు ఎందుకు రాసినారు సార్?"

"బాగు చెయ్యమని రాసినానమ్మా. ఇంట్లో ముసిలామెకు దగ్గొస్తే డాక్టరుకు చెప్తాం. తీసకపొయ్యి పారెయ్యమంటామా?"

వెనకనుంచి దేవసేన ముందుకొచ్చింది.

"సంతకం యాడ పెట్టల్ల పాపా?"

"దేవసేనా!"

"నువ్వు ఊరికే ఉండు. రాసేది, నాకు చదివి చెప్పేది. వాక్యం బాగుందని నువ్వు గురక పెట్టి నిద్రపోతావు. నేను పైకప్పు చూసుకుంటా పండుకునేది. పద్దెనిమిదేండ్లు!"

ఆయన రాతను ఇంత శ్రద్ధగా నమ్మిన పాఠకురాలు పక్కమంచం మీదే ఉందని ధర్మలింగానికి ఇన్నాళ్ళూ తెలియదు. కాగితం అడిగి, కారం లేకుండా రెండు వాక్యాలు రాశాడు. కొత్త ఇళ్ళకు చీట్లు వేయవద్దు. ఇప్పుడు ఎవరి పైన ఎవరున్నారో, ఎవరి పక్కన ఎవరున్నారో, అక్కడా అట్లాగే ఉండనివ్వండి. ఇరవైనాలుగు ఇళ్ళవాళ్ళూ సంతకాలు పెట్టారు.

ఇరవై రోజుల్లో సరేనని రాతమూలంగా జవాబు వచ్చింది. అది విని మునిలక్ష్మి, "అయితే మళ్ళా కుప్పమ్మక్క మిక్సీ నా నెత్తినేనా?" అంది. కానీ సంతోషంగానే అంది.

ఖాళీ చేసే రోజు పొద్దున, కొత్తది కట్టేదాకా ఉండే అద్దె ఇంటికి పోవడానికి టెంపో నిండింది. ధర్మలింగం కిందికి వచ్చి చూస్తే దేవసేన మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళనిండా నీళ్ళు.

"లెయ్యి. కొత్తదాంట్లో లిఫ్టు ఉంటుందంట. నీ మోకాళ్ళకు మంచిది," అన్నాడు. తానే ఆ మాట అంటున్నందుకు ఆయనకే వింతగా ఉంది.

"తెలుసు. సంతకం పెట్టింది నేనే గదా. రవంతసేపు కూసోనీ."

ఆయన కూడా పక్కన కూర్చున్నాడు. చీపుర్లు పట్టుకుని దిగుతున్న కుప్పమ్మ వాళ్ళను చూసి, ఏమీ అడక్కుండా పైమెట్టు మీద చతికిలబడింది. టెంపో డ్రైవరు వేల్‌మురుగన్ హారన్ కొట్టి కొట్టి, తిట్టడానికి లోపలికి వచ్చాడు. ముగ్గురినీ చూశాడు. వెనక్కి పోయి ఇంజను ఆపి, టీ తాగడానికి రోడ్డు దాటాడు.