రాజుగారి తరఫు సాక్షి

ఫంక్షన్ హాల్లో కోట కట్టిస్తానని మా మరదలు చెప్పిన రోజున, తాగుతున్న టీ గొంతుకు అడ్డం పడి పొలమారింది నాకు.

“కోటేంటమ్మాయ్?” అన్నాను దగ్గు ఆగాక.

“కోటే వదినా. గోడలకి రాళ్ళలా రంగేసిన అట్టలు కొట్టిస్తా. గుమ్మం దగ్గర వంతెన. లోపల పొడుగాటి బల్లలు, కొవ్వొత్తులు. హాలువాడు మంట పెట్టనివ్వడట, అందుకని బ్యాటరీవే పెడదాం. వచ్చినవాళ్ళంతా ఆ కాలం బట్టలే వేసుకోవాలి.”

“ఏ కాలం?”

“మధ్యయుగం.”

మా మరదలు స్కూల్లో చరిత్ర పాఠాలు చెబుతుంది. రాజులూ కోటలూ అంటే పడి చస్తుంది. మా తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఇనుప తీగలూ గ్రీజూ తప్ప వాడికి ఇంకో లోకం తెలీదు. అయినా ఆవిడ ఏమంటే దానికి తల ఊపడమే వాడి పని. ఆ రోజూ ఊపాడు.

నవ్వకుండా కూర్చున్నానంటే కారణం ఉంది. పదిహేనేళ్ళ కిందట వీళ్ళ పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. మరదలి తరఫున ఈగ కూడా రాలేదు. మా తరఫున ఉన్నది నేనొక్కదాన్నే. అమ్మానాన్నా పోయాక వాణ్ణి పెంచింది నేనే కదా, ఇంకెవరుంటారు? మిగతా సాక్షుల్ని బయట జిరాక్సు కొట్టు దగ్గర బతిమాలి పట్టుకొచ్చాం. సంతకాలయ్యాక మెట్ల మీద నిలబడి తలో రొట్టె తిని, ఎవరి పనికి వాళ్ళం వెళ్ళిపోయాం. అందుకని ఇప్పుడు నలుగురినీ పిలిచి, ఆ ప్రమాణాలు మళ్ళీ చేసి, అప్పుడు జరగని విందు ఇప్పుడు జరిపించుకోవాలని ఆవిడ కోరిక. తప్పేముంది?

“అసలు సంగతి చెప్పవే,” అన్నాడు తమ్ముడు.

ఆవిడ చెప్పలేక వాడి వైపు చూసింది. చివరికి వాడే చెప్పాడు. “ఆ రోజు మా మనిషివి నువ్వొక్కదానివే ఉన్నావక్కా. ఇప్పుడూ సాక్షివి నువ్వే. మేం ప్రమాణం చేసే ముందు దండోరా వేసేవాడు అందరి ముందూ నిన్ను అడుగుతాడు, ‘నువ్వు వీరికి ఏమవుతావు?’ అని. నువ్వు చెప్పాలి. నువ్వు చెప్పాకే మేం మొదలుపెడతాం.”

“ఓస్, అంతేనా?” అన్నాను. అన్నానే గానీ లోపల ఎంత పొంగిపోయానో నాకే తెలుసు. నేను పనిచేసేది ఆసుపత్రి లాండ్రీలో. మర్నాటి నుంచి మిషన్లు తిరుగుతుంటే ఆ హోరులో గొంతెత్తి సాధన మొదలుపెట్టాను. “నేను వీడి అక్కని! సాక్షిని!” పక్క మిషను మీద పనిచేసే ఆవిడ నాకు ఏదో అయిందనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

దండోరా వేసేవాడు మరదలి తమ్ముడు. బస్టాండులో మైకు దగ్గర ఉద్యోగం కాబట్టి అందరూ వాణ్ణి బస్టాండనే పిలుస్తారు. అక్కతో రాకపోకలు ఈ మధ్యే మొదలయ్యాయి. రిహార్సల్లో వాడు “ప్రయాణికులకు విజ్ఞప్తి” అనకుండా ఒక్క వాక్యం మొదలుపెడితే ఒట్టు. మరదలు తల కొట్టుకునేది. తమ్ముడేమో ఖాళీ నూనె డబ్బాల రేకు కత్తిరించి కవచం చేసుకున్నాడు. అది వేసుకుని అడుగేస్తే సామాన్ల బండి మెట్ల మీంచి దొర్లినట్టుండేది.

నా పాడు బుద్ధి బయటపడింది బట్టల దగ్గర.

టైలరు నమూనాలు తెచ్చిన రోజున మరదలు ఒక ముదురు ఊదారంగు మఖ్మల్ గౌను తీసి నా ఒళ్ళో పెట్టింది. పొడుగు చేతులు, మెడ చుట్టూ వెండి జరీ. “మీరు రాజమాత వదినా,” అంది. దాని మీద చెయ్యి వేశాను. పిల్లి వీపులా మెత్తగా ఉంది. పగలంతా బ్లీచింగులో నాని గరుకెక్కిన నా వేళ్ళకి ఆ గుడ్డ పట్టుకుపోయింది. తమ్ముడూ మరదలూ టైలరూ ముగ్గురూ నా చేతుల్నే చూస్తున్నారనిపించింది.

“ఛీ, ఈ కిటికీ తెర నేను చుట్టుకోవాలా?” అన్నాను. “రాజమాతట, రాజమాత! నాకొద్దు. పని చేసుకోడానికి వీలుగా ఉండేదేదైనా ఉంటే ఇవ్వండి.”

“అది కాదు వదినా...”

“వద్దన్నానా?”

ఇంకొక్కసారి అడుగుతుందనుకున్నాను. ఒక్కసారి, “మా కోసం వేసుకోండి వదినా” అంటే చాలు, సణుక్కుంటూ వేసుకునేదాన్ని. కానీ నేనంటే ఆవిడకి భయం. నా కేకలు తిని తిని, నేను కాదంటే కాదనే అనుకోవడం అలవాటు చేసుకుంది. నెమ్మదిగా గౌను మడతపెట్టేసి, పుస్తకంలో ఇంకో బొమ్మ చూపించింది. వంటశాలలో పనిచేసే ఆడమనిషి. బూడిదరంగు గౌను, తెల్ల ఏప్రాను, నెత్తిన తెల్ల టోపీ.

“ఆ, ఇదీ మనిషి బట్టంటే,” అన్నాను. ఆ మఖ్మల్ టైలరు సంచీలోకి వెళ్ళిపోతుంటే మాత్రం చూడలేక గోడ వైపు తిరిగాను.

తీరా ఆ సాయంత్రం హాల్లో అడుగుపెట్టాక నా కళ్ళు బైర్లు కమ్మాయి. వడ్డించే వాళ్ళందరికీ బూడిదరంగు గౌన్లు, తెల్ల ఏప్రాన్లు, తెల్ల టోపీలు! హాలు కోటలా ఉండాలంటే వడ్డించేవాళ్ళు మాత్రం మామూలు బట్టల్లో ఎలా ఉంటారు? మరదలు వాళ్ళకీ అవే కుట్టించింది. నేను పట్టుబట్టి కోరుకున్నది అచ్చంగా వాళ్ళ బట్ట. మరదల్ని అనడానికి ఏముంది?

స్కూలు టీచర్లంతా దొరసానులై వచ్చారు. ఎటు చూసినా పట్టూ, పూసలూ, నెత్తిన కోను టోపీలు. అట్టల కోట నిజంగానే బాగుంది, అబద్ధమెందుకు. ఎత్తు మీద మూడు కుర్చీలు వేశారు. తమ్ముడు రేకులు మోగించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

“అక్కా, ఆ మూడో కుర్చీ నీదే. వెళ్ళి కూర్చో.”

“వస్తాలేరా, నువ్వు పద.”

ఈ ఏప్రానుతో అంత ఎత్తున, రాణిగారి పక్కన ఎక్కి కూర్చోవాలా? ఓ స్తంభం చాటున నిలబడ్డాను. పక్క బల్ల అంచున ఎంగిలి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఇంకాస్త జరిగితే కింద పడతాయి. అలా ఉంటే చూస్తూ ఊరుకునే జన్మ కాదు నాది. వెళ్ళి తీశాను. ఒక బల్ల తీస్తే, చేయెత్తి ఇంకో బల్లవాళ్ళు పిలిచారు. వెళ్ళాను. ఎవరో సూపు తెమ్మంటే అదీ తెచ్చాను. చెయ్యి ఆడుతున్నంతసేపూ సిగ్గు కొంచెం తగ్గినట్టుండేది.

“ఇదిగోమ్మా, ఇవి కూడా తీసెయ్,” అందొకావిడ. ఆకుపచ్చ పట్టు, మెళ్ళో ముత్యాలు. మా మరదలి హెడ్మిస్ట్రెస్. ఫోటోల్లో చూశాను. నోటిదాకా వచ్చింది కోపం. కానీ ఆవిడ నవ్వుతూ నా మొహంలోకి చూసింది.

“పాపం ఇందాకట్నుంచీ నువ్వొక్కదానివే తిరుగుతున్నావు. పెళ్ళికొడుకు వాళ్ళక్క ఎవరో నీకు తెలుసా? తల్లిలా పెంచిందట. మా టీచరు ఆవిడ గురించి ఎప్పుడూ చెబుతుంటుంది. చూడాలని ఉంది. అవునూ, నువ్వు వీళ్ళకి ఏమన్నా అవుతావా?”

చూడండి ఖర్మ. మిషన్ల ముందు నేను గొంతు చించుకుని సాధన చేసింది ఈ ప్రశ్నకే. జవాబు నాలిక చివరనే ఉంది. కానీ నా చేతిలో ఎంగిలి పళ్ళేలు, ఏప్రాను మీద సూపు మరక, చెవుల మీదికి జారిన టోపీ. ఆవిడ చూడాలనుకుంటున్న అక్క ఇదా?

“లేదండీ,” అన్నాను. “నేనేమీ కాను. వంటవాళ్ళ మనిషిని.”

వెనక రేకు చప్పుడైంది.

తిరిగి చూస్తే తమ్ముడు. నా కోసమే కాబోలు, రెండు గ్లాసులతో షర్బతు పట్టుకొచ్చాడు. వాడి మొహం చూసి, వినలేదులే అనుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఒక గ్లాసు బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. భూమి చీలితే దూకేద్దును. అది చీలదు కదా, వంటింట్లోకి వెళ్ళి పళ్ళేలు కడగడం మొదలుపెట్టాను. కడిగినవే మళ్ళీ కడుగుతున్నానని పక్కన వంటావిడ చెప్పేదాకా తెలీలేదు.

బయట మైకు గరగరలాడింది. “సాక్షిగారు ఎక్కడ ఉన్ననూ వెంటనే వేదిక వద్దకు రావలెను.” జనం నవ్వారు. బస్టాండు గొంతు సవరించుకుని మళ్ళీ పిలిచాడు. ఈసారి నవ్వు తగ్గింది. మూడోసారి పిలిచేసరికి ఎవరూ నవ్వలేదు.

“ఆవిడ రాలేదేమో పాపం,” అని హెడ్మిస్ట్రెస్ అనడం వంటింట్లోకి వినపడింది.

తర్వాత రేకుల చప్పుడు. దగ్గరికొచ్చి గుమ్మంలో ఆగింది. నేను తిరగలేదు. కుళాయి వదిలేసి నీళ్ళ వంకే చూస్తున్నాను.

“నన్ను చూసి సిగ్గేసిందా అక్కా?” అన్నాడు.

“నీ తలకాయ! నిన్ను చూసి సిగ్గెందుకురా?”

“నాకేమీ కావని చెప్పావు. విన్నాను.”

“ఆవిడ మీ ఆవిడ హెడ్మిస్ట్రెస్‌రా! ఈ వాలకంతో నేను నీ అక్కనంటే నీ పరువేం కాను?”

“నా పరువా?” వాడు రెండు చేతులూ చాపాడు. రేకులు ధనధనమన్నాయి. ఛాతీ మీద నూనె కంపెనీ పొద్దుతిరుగుడు పువ్వు ఇంకా సగం కనపడుతూనే ఉంది. “నూనె డబ్బాలు కట్టుకుని ఊరందరి ముందూ తిరుగుతున్నాను. నాకింకా పరువేం మిగిలింది?”

వంటావిడ కిసుక్కుమంది. నాకూ నవ్వొచ్చింది, వెంటే ఏడుపొచ్చింది. వాడు మాత్రం నవ్వలేదు. మూతి బిగించి నిలబడ్డాడు. చిన్నప్పుడు బడి నుంచి తీసుకురావడానికి నేను ఆలస్యంగా వెళితే, గేటు దగ్గర సరిగ్గా అలాగే నిలబడి ఉండేవాడు.

“నువ్వు రాకపోతే నేను ప్రమాణం చెయ్యనక్కా. ఆవిడ పైన ఒక్కత్తే కూర్చుని ఉంది. ఆ రోజు వచ్చిన ఒక్క మనిషీ ఈసారి రాలేదనుకుంటుంది.”

ఆ మాటకి కుళాయి కట్టేశాను. ఎవరి పరువు కాపాడుతున్నాననుకున్నానో, వాళ్ళనే ఆ రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీదకి మళ్ళీ నెట్టేశాను నేను. వంటావిడ టోపీ తీసెయ్యమని సైగ చేసింది. తియ్యలేదు. అడిగి మరీ కుట్టించుకున్నదే కదా.

హాలు మధ్యలోంచి నడుస్తుంటే ఒక్కొక్క బల్లా చప్పుడు మానేసింది. నాకు పళ్ళేలందించిన చేతులన్నీ ఒళ్ళోకి వెళ్ళిపోయాయి. మరదలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది. బస్టాండు కాగితం చూసుకుని, ఒక్కసారి కూడా ప్రయాణికుల్ని తలవకుండా అడిగాడు.

“ఈ ప్రమాణానికి సాక్షి ఎవరు? నువ్వు వీరికి ఏమవుతావు?”

మొదటి వరసలో హెడ్మిస్ట్రెస్ కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది. ఆవిడ మొహం పాలిపోయి, కళ్ళు బల్ల మీదకి వాలిపోయాయి. ఆవిడ తప్పేముంది? మర్యాదగా అడిగింది. అబద్ధమాడింది నేను. అందుకని ఎత్తు మీద ఉన్నవాళ్ళ వైపు కాకుండా ఆవిడ వైపే తిరిగాను.

“నేను వీడి అక్కని!” అన్నాను. “సాక్షిని!”

లాండ్రీలో అలవాటైన గొంతు. బస్టాండు మైకు పట్టుకుని ఒక అడుగు వెనక్కి గెంతాడు. వెనకెక్కడో ఓ అట్ట ఊడి కింద పడింది. జనమంతా చప్పట్లు కొట్టారు. తమ్ముడు కొట్టలేదు. మూడో కుర్చీ నా కోసం వెనక్కి లాగి, తల వంచుకుని, నేను కూర్చునేదాకా పట్టుకునే ఉన్నాడు. వాడి కళ్ళలోకి చూడలేక నా తడి చేతుల్ని ఏప్రాను కింద దాచుకున్నాను.

హెడ్మిస్ట్రెస్ అడిగినప్పుడే మెల్లగా చెప్పి ఉంటే అంత గట్టిగా అరవాల్సిన పనే ఉండేది కాదు.