వచ్చినవాళ్ళ లెక్క

హాస్క్యూ గారి చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించానో లేదో, భోజనాల గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. పేపరు చూస్తూ భార్యతో అంటున్నాడు. "చెప్పానా నీకు? ఏడాదిపాటు చర్చిల్లో పాటలు పాడారు, ఊరేగింపులు తీశారు. తీరా ఓటేసే రోజు వచ్చేసరికి సగంమంది కూడా కదల్లేదు. వాళ్ళకి కావలసింది ఓటు కాదు, గోల." తర్వాత నన్ను పిలిచి, నిన్న మీవాళ్ళు బాగా వచ్చారా అని అడిగాడు. నాకు తెలియదండీ అన్నాను. "దానికెలా తెలుస్తుంది, చీకటిపడేదాకా ఇక్కడే ఉందిగా," అంది అమ్మగారు, నా పక్షాన మాట్లాడుతున్నంత మెత్తగా.

ఉన్నాను, నిజమే. మంగళవారం మధ్యాహ్నం వెళ్ళిపోతానని వారం ముందే అడిగాను. దేనికని ఆవిడ అడగలేదు, సరేనంది. మంగళవారం పొద్దున వచ్చి చూస్తే వంటగది బల్ల మీద వెండి సామానంతా పరిచి ఉంది. గురువారం పేకాటకి స్నేహితురాళ్ళు వస్తున్నారట, ఒక్క చెంచా మీద కూడా మచ్చ కనిపించకూడదట. తోముతూనే ఉన్నాను. ఒకటి తళతళలాడితే ఆవిడ ఇంకో సొరుగు తెరిచేది. మర్నాడు మా దారిలో నడిచే ఆడవాళ్ళతో మాట కలిపితే తెలిసింది, ఆ వీధిలో ఒక ఇంట్లో పరదాలు ఉతికించారు, ఇంకో ఇంట్లో అటక దులిపించారు, మిగతా ఇళ్ళన్నిట్లో వెండే. అలబామాలో మా చిన్న ఊళ్ళో ఆ మంగళవారం వెండంతా ఒక్కసారే నల్లబడింది.

ఆ ఎన్నిక అధ్యక్షుడి కోసం కాదు. ఆయన గద్దె మీద ఇంకా సగం కాలం మిగిలే ఉంది. మాకు కావలసింది షెరీఫు పదవి, అంటే మా కౌంటీ పోలీసు పెద్ద. రాత్రిళ్ళు మా ఇళ్ళ ముందు దీపాలార్పిన కార్లు తిరిగితే, ఎవరివో తెలిసి కూడా తెలియనట్టు ఉండే షెరీఫుని దించాలి. నల్లవాళ్ళకి ఓటు దక్కేలా చట్టం వచ్చాక మేము వేస్తున్న మొదటి నవంబరు ఓటు అది. మా చెల్లెలు ఐడెల్లా, నేను కిందటి వేసవిలో కోర్టు మెట్ల మీద ఎండలో పొద్దస్తమానం నిలబడి ఓటర్లుగా పేర్లు రాయించుకున్నాం. ఆ వారమే ఐడెల్లా వాళ్ళని పొలం యజమాని ఇల్లు ఖాళీ చేయించాడు. హైవే పక్కన గుడారంలో చలికాలం గడిపారు. గడపలేదు, గడపబోయారు. జనవరిలో దగ్గు ఛాతీలోకి దిగి ఐడెల్లా పోయింది. పోయే ముందు రోజు కూడా నవంబరు గురించే మాట్లాడింది. ఆ రోజు ఏ గౌను వేసుకోవాలో ఇద్దరికీ ఆలోచించి పెట్టింది.

నా భర్త అమోస్ మనిషి చెడ్డవాడు కాదు. మా చర్చిలో అందరికంటే ముందు లేచి మాట్లాడినవాడు, రాత్రి మా ఇంటి మీద తుపాకీ పేలితే అదే వాకిట్లో మర్నాడు కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు. ఆ మంగళవారం పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "వరసలో నిలబడ్డవాళ్ళకి ఆకలేస్తుంది వెర్నెల్, కాస్త కోడి వేయించి, చిలగడదుంప తీపిరొట్టె చేసి పెట్టు. పనయ్యాక నువ్వే తెచ్చివ్వు," అన్నాడు. ఎవరికి, ఎందరికి అని నేను అడగలేదు. అప్పటికే కోళ్ళు శుభ్రం చేసి పెట్టాను, పనికి వెళ్ళేలోపు వండి బుట్టలో సర్దేశాను. ఇలాంటివి అతను అడగకముందే చేసేయడం నాకు ఎప్పుడలవాటైందో గుర్తులేదు. మీటింగులన్నీ మా ఇంట్లోనే జరిగేవి. వాళ్ళు ముందుగదిలో హక్కుల గురించి మాట్లాడుకునేవారు. మొక్కజొన్న రొట్టె మాడిపోతుందేమోనని నేను సగం మాటలే వినేదాన్ని.

చీకటి పడుతుంటే అమ్మగారు వదిలింది. ఇంటికెళ్ళి బుట్ట ఎత్తుకుని, ఓట్లు వేయిస్తున్న దుకాణం దాకా పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఐడెల్లా ఎంచి పెట్టిన నీలం గౌను వేసుకునే తీరిక లేదు, పనిబట్టలతోనే. తలుపు ఇంకా తెరిచే ఉంది. లోపల దీపం వెలుగుతోంది. వరస రోడ్డు మలుపుదాకా ఉంది, ముసలివాళ్ళు నేల మీద కూర్చుని ఉన్నారు. నా ఓటరు చీటీ రవికలో ఉంది, చేత్తో తడిమి చూసుకున్నాను కూడా. అమోస్ ఎదురొచ్చి బుట్ట అందుకున్నాడు. అతని మొహం అలసటతో, సంతోషంతో వెలిగిపోతోంది. "దేవుడు పంపినట్టొచ్చావు," అని, మూత తీసి వాసన చూసి, "ఇంక ఇంటికెళ్ళు. పిల్లలు జెరూషా పెద్దమ్మ దగ్గరున్నారు, ఆవిడకి కళ్ళు సరిగ్గా కనబడవు. కార్లు తిరుగుతున్నాయి, ఇక్కడ నిలబడకు," అన్నాడు. నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పాడు. మెత్తగానే తిప్పాడు. నేనూ తిరిగాను. దుకాణం దీపం నా వీపు మీద ఎంతసేపు పడిందో ఇప్పటికీ చెప్పగలను.

ఓడిపోయాం. ఆ బుధవారం సాయంత్రం చర్చి ముందు అమోస్ అందరితో అంటున్నాడు, మనవాళ్ళు ఒక్కరు మిగలకుండా వచ్చారు, పెట్టెల దగ్గరే దొంగతనం జరిగిందని. పొద్దున హాస్క్యూ గారేమో ఎవరూ రాలేదన్నాడు. పేపరు ఒకటి చెప్పింది, రేడియో ఇంకోటి చెప్పింది. హాస్క్యూ గారి మాటల్లోనూ, అమోస్ మాటల్లోనూ నేనున్నాను. ఒకాయన లెక్కలో నేను రానిదాన్ని, ఇంకొకరి లెక్కలో వచ్చినదాన్ని. ఇద్దరిలో ఎవరూ నన్ను అడగలేదు.

అడిగింది ఐడెల్లా ఒక్కతే. గిన్నెలు కడుగుతుంటే వెనక నిలబడేది. తిరిగి చూస్తే తలుపు, తలుపుకి వేలాడే తువ్వాలు, అంతే. దుప్పటి పిండుతుంటే రెండో కొస పట్టుకున్నట్టు బరువు తెలిసేది. "అక్కా, వెళ్ళావా?" అనేది. కోపంగా కాదు, తర్వాతేమైందో వినాలని ఆత్రంగా. వెళ్ళానే, అనేదాన్ని. "లోపలికి వెళ్ళావా?" అనేది. కళ్ళు మూస్తే ఆ వరసే కనిపించేది. మనిషికీ మనిషికీ మధ్య అక్కడక్కడా ఒక ఆడమనిషి పట్టేంత ఖాళీ. నడుస్తుంటే ఆ ఖాళీలూ ముందుకి జరిగేవి. ఒకదాంట్లో ఐడెల్లా దగ్గుతూ ఉండేది. పక్కది నాది. అమోస్‌తో చెబుదామని రెండుమూడుసార్లు నోరు తెరిచాను. అతను ఓటమికి కుంగిపోయి ఉన్నాడు. ఇప్పుడెందుకులే అనుకున్నాను. అతనికి ఎప్పుడు చెప్పాలన్నా నాకు అదే అనిపించేది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, మా తరఫున కేసు వేయడానికి ఉత్తరాది నుంచి లాయరొకాయన వచ్చాడు. ముందు బల్ల దగ్గర కూర్చుని, కౌంటీ వాళ్ళు మీవాళ్ళే రాలేదంటున్నారు, మీరు అందరూ వచ్చారంటున్నారు, కోర్టులో ఏది నిలబడాలన్నా నాకు సాక్ష్యం చెప్పే మనుషులు కావాలి, అన్నాడు. అమోస్ లేచి నిలబడ్డాడు. మావాళ్ళు ఒక్కరూ ఇంట్లో కూర్చోలేదు అన్నాడు. "మా ఇంటి సంగతే చెబుతా. నేనూ వేశాను, నా భార్యా వేసింది." అబద్ధమని తెలిసి చెప్పలేదు. అతని మనసులో నేను వేసే ఉన్నాను. నా చేతివంట అక్కడికొచ్చింది కాబట్టి నేనూ వచ్చినట్టే.

నా పక్కన బెంచీ, ఐడెల్లా కూర్చునే చోటు, చల్లగా తగిలింది. లేచాను.

"నేను వెయ్యలేదు," అన్నాను.

అందరూ ఇటు తిరిగారు. అమోస్ నవ్వబోయి ఆగిపోయాడు. "వెర్నెల్, ఆ రోజు నువ్వక్కడికి వచ్చావుగా," అన్నాడు నెమ్మదిగా. తర్వాత ఇంకా నెమ్మదిగా, "కూర్చో. ఈ మాట బయటికి పోతే ఎవరు సంతోషిస్తారో నీకు తెలుసు," అన్నాడు. తెలుసు. మర్నాడు పొద్దున వాళ్ళ చొక్కాలే నేను ఇస్త్రీ చేయాలి. అమోస్ మొహంలోకి చూశాను. అందులో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం చూసి దాదాపు కూర్చోబోయాను.

లాయరు మాత్రం పెన్సిలు అందుకున్నాడు. ఆయన మొహంలో ఉత్సాహం కనిపించింది. "ఎవరు ఆపారమ్మా మిమ్మల్ని? పేరు చెప్పగలరా?"

"మిసెస్ హాస్క్యూ," అన్నాను. వెండి సంగతి చెప్పాను. గదంతా హుమ్మని మూలిగింది. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళ చేతుల్లోనూ పాలిష్ వాసన ఇంకా పోలేదేమో. అమోస్ ఊపిరి వదిలాడు. నా వైపు గర్వంగా చూశాడు కూడా. లాయరు రాసుకుని, ఇంకేమైనా ఉందా అని అడిగాడు, లేదంటానని అనుకుంటూనే.

"ఆవిడ వదిలాక కూడా తలుపు తెరిచే ఉందండీ," అన్నాను. "నేను దాని ముందు దాకా వెళ్ళాను. అక్కడ ఇంకొకరు ఆపారు."

"ఎవరు?"

"అమోస్ ప్రూయిట్. నా భర్త."

పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. ఆయన అమోస్ వైపు చూశాడు, పాస్టరు వైపు చూశాడు. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చాలాసేపు చూశాడు.

"రాయండి," అన్నాను.