పత్తి నింపిన గది

పూల్‌సింగ్ మంచి తండ్రి కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పక్కింటిదాన్ని, అన్నీ చూసినదాన్ని. టేకులపల్లి దగ్గరి మా తండాలో ఆడపిల్ల చదువు కోసం గది కట్టించింది అతనొక్కడే. తూర్పున కిటికీ, దాని కింద బల్ల. పెద్దకూతురు సోని పదో తరగతి. రోజూ గది ఊడ్చి, బల్ల తుడిచి, కిటికీ తెరిచి చదువుకునేది.

ఆ ఏడు పత్తి విరగపండింది. పత్తి వస్తే పిల్లల గదే గోదాము, మా అందరిదీ అదే తెలివి. ధర పెరిగేదాకా ఆగుదామని పూల్‌సింగ్ పత్తినంతా ఆ గదిలో పోయించాడు. తేమ తగలకుండా కిటికీ మూసి, సందుల్లో గోనెలు కుక్కాడు. పంట ఇంట్లో ఉండగా చీపురు పడితే లక్ష్మి పోతుందని పిల్లల తల్లి మోతీ ఊడ్వనివ్వలేదు. లక్ష్మి పోతుందని ఉన్న భయం దుమ్మంటే లేదు మాకు.

సోనికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. బయట చలి, ముందు గదిలో వంట పొగ. పత్తి మీదే దుప్పటి పరుచుకుని దగ్గుతూ చదివేది.

"బాపూ, కిటికీ జర తెరువవా? ఊపిరాడుతలేదు," అని ఒక సాయంత్రం అడిగింది.

"నాలుగు రోజులు ఓర్చుకో బిడ్డా. తేమ పడితే పత్తి ఖరాబైతది."

ఓర్చుకుంది. ఆ ఓర్పే దాని కొంప ముంచింది. ఆ వారంలోనే ఒక పొద్దున పెదవులు నీలం తిరిగి పత్తి మీద ఒరిగిపోయింది. ఆటోలో దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆ పిల్ల ముఖం తలచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు.

పత్తి ఏ ధరకు పోయిందో తండాలో ఎవరూ అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పూల్‌సింగ్ గది కడిగి సున్నం వేశాడు. కిటికీకి రెక్కలే లేకుండా పీకేశాడు. చిన్నకూతురు కవిత పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఈడ కూసోని చదువుకో బిడ్డా. గాలి మంచిగొస్తది."

కవిత గడప దాటలేదు.

"అక్క అడిగిననాడు ఎందుకు తెరువలేదు బాపూ?"

కోపంతో కాదు, తెలియక అడిగింది. ఏం చెప్పాలో పూల్‌సింగ్‌కు తెలుసు. తేమ అని ఆ పిల్ల ముఖం చూస్తూ చెప్పలేక, కడిగిన నేల మీద కూలబడి ఏడ్చాడు.