జిల్లేడు కంచె

పదో దోసిలి కనకాంబరాలు బుట్టలో పోసి, ఆదిమూలం నడుము పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. తిరుచానూరులో దేవకమ్మగారి పూలతోటలో పనికి ఐరాలనుంచి పన్నెండో ఏట వచ్చాడు. యుద్ధం ముగిశాక వచ్చిన ఈ మాఘానికి ఆయనకు అరవై ఏళ్లు దాటాయి. ఆయన కోసిన పూలన్నీ ఒకే దండగా కడితే, అది మదరాసు దాకా పోయి, అక్కడ కాఫీ తాగి తిరిగి వస్తుంది.

వెనకాలే తెల్లపిల్లి దొరసాని. తొండల్ని తరమడం దాని ఉద్యోగం. ఒకసారి కంచెలోని జిల్లేడు మీద వాలిన సీతాకోకచిలుకను కరిచి, ఆ చేదుకు మూడు రోజులు పాలు ముట్టలేదు. ఆనాటినుంచి సీతాకోకచిలుక ఎదురైతే పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది. నమ్మనివాళ్లు పిల్లినే అడగవచ్చు.

"ఆదిమూలం, రేపు రథసప్తమి. ఆ జిల్లేళ్లు కొట్టేయప్పా. తలకు ఏడాకులు పెట్టుకుని నీళ్లు పోసుకోవాల గదా, వీధంతా పంచుదాం," అంది దేవకమ్మ.

"వద్దులేమ్మా. ఆకులకింద బిడ్డలు నిద్రపోతా ఉండారు."

"గూడు కట్టిన పురుగులు బిడ్డలంట! అయితే ఆ పిల్లి పెండ్లామా?"

"నేను సరేనన్నా అదొప్పుకోదమ్మా. దొరసాని గదా."

దేవకమ్మ నవ్వు ఆపుకుంది. "నువ్వు కొట్టకపోయినా జనం ఊరుకుంటారా? తెల్లారేసరికి ఆకన్నది ఉండదు, సూడు."

ఆదిమూలం తల వంచుకున్నాడు. "ఈ తోటలో నేను కోయకుండా ఇడిసింది ఆ జిల్లేళ్లనే తల్లీ. రేపో ఎల్లుండో ఆ పురుగులు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. ఆకులు నేను తెస్తా."

ఎండలోనే స్వర్ణముఖి ఒడ్డుకు మూడుసార్లు పోయి, మూడు మోపులు మోసుకొచ్చి వాకిట్లో కుప్ప పోశాడు. జిల్లేడు పాలకు చేతులు జిగురు కట్టాయి. వచ్చినవాళ్లకు వచ్చినట్టు ఏడేసి ఆకులు తానే ఇచ్చాడు. కంచెవైపు ఒక్కరూ పోలేదు.

ఏనాడైనా ఆయనే లేచి కోడిని లేపేవాడు. రథసప్తమినాడు కోడి ఒంటరిగా లేవవలసి వచ్చింది. పూలబుట్ట ఇంకా రాలేదేమని దేవకమ్మ గుడిసెకు వెళ్లి చూసింది. ఆదిమూలం చాపమీద నిద్రపోతున్నట్టే పోయాడు. కాళ్లదగ్గర దొరసాని కూర్చుని ఉంది.

దేవకమ్మ పిల్లిని చంకనెత్తుకుని బయటికి వచ్చింది. ఆకులకోసం కంచె దగ్గరికి ఎవరో కొత్తవాళ్లు వచ్చారు. "ఆ చెట్లు ముట్టగాకండప్పా! కుప్పలో తీసుకోండి," అని గట్టిగా అరిచి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అప్పటికే ఎండ తగిలి, జిల్లేళ్లమీద నలగని కొత్త రెక్కలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి.

గుడిసె వెనక, నీళ్లు నింపిన కాగు అంచున, ఆదిమూలం తనకని తీసిపెట్టుకున్న ఏడాకులు ఒకదానిమీద ఒకటి పచ్చగా ఉన్నాయి.