‘ఉప్పుమడి’ రెండోసారి

నేను ఒక పదహారు మిల్లీమీటర్ల సినిమా ప్రొజెక్టర్ని. ప్రస్తుతం చీరాలలో ఒక కాలేజీ లైబ్రరీలో, గాజు బీరువాలో కాపురం. నా పక్కన ఒక అట్టముక్క మీద నా పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టారు. సగం తప్పులే గాని, చదివేవాళ్లు లేరు కాబట్టి పెద్ద నష్టం లేదు. పిల్లలు నా గాజు తలుపులో మొహం చూసుకుని తల దువ్వుకుని వెళ్తారు.

బొంబాయి శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. మొదటి కొలువు సర్కారు ప్రచార వ్యానులో. మశూచి టీకాల గురించీ, చిన్న కుటుంబం గురించీ ఊరూరా గోడల మీద చెప్పాను. జనం శ్రద్ధగా చూసి, ఇళ్లకు పోయి తమకు తోచిందే చేసేవారు. కొన్నాళ్లకు సర్కారుకు నా మీద మోజు తీరి వేలం వేసింది. అప్పుడు నన్ను కొన్నవాళ్లు ఇద్దరు స్నేహితులు. ఒకడు నరహరి, కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్. రెండోవాడు కాలేషా. బజారులో రేడియో రిపేరు షాపు అతనిది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నారు. సినిమా పిచ్చి ఇద్దరికీ సమానం. దాంతో ఊళ్లో ఫిలిం సొసైటీ పెట్టారు.

చేనేత సంఘం మేడ మీద మా ప్రదర్శనలు. కాలేషా నన్ను నడిపేవాడు, నరహరి సినిమా గురించి ముందుమాట చెప్పేవాడు. ఆట అయ్యాక మెట్ల మీద కూర్చుని ఇద్దరూ వాదించుకునేవారు. వాదన తెగక ఒకరినొకరు ఇంటిదాకా దిగబెట్టుకుంటూ అటూ ఇటూ తిరిగేవారు. నా స్థానం ఎప్పుడూ ప్రేక్షకుల వెనకాలే గనుక నాకు తెలిసినవి వాళ్ల వీపులే. సినిమా నచ్చిన వీపు కదలదు. ఆ ఇద్దరి వీపులూ ఒకేచోట కదలకుండా ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను.

‘ఉప్పుమడి’ వచ్చేదాకా.

అది బహుమతులు తెచ్చుకున్న సినిమా. దాని దర్శకుడు అభిమానంతో సొసైటీకి ఒక ప్రింటు ఇచ్చాడు. కథ చిన్నదే. ఉప్పు మళ్లలో పనిచేసే ఒక తండ్రి. ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో చనిపోతాడు. మర్నాడు ఆ తండ్రి మడిలోకి దిగి, ఎప్పటిలాగే చెక్కతో ఉప్పు లాగి కుప్ప చేస్తాడు. మాట లేదు, ఏడుపు లేదు. చెక్క గీసుకునే చప్పుడు మాత్రం చాలాసేపు వినిపిస్తుంది. అదే చివరి దృశ్యం.

దీపాలు వెలిగాక నరహరి లేచి, తెలుగులో ఇంతటి సినిమా రాలేదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాలేషా మాత్రం రీలు చుడుతూ అక్కడినించే అడిగాడు.

“బిడ్డ చచ్చిపోతే కంట నీళ్లు పెట్టని తండ్రి ఉంటాడ్రా నరహరీ?”

“అదేరా దాని గొప్ప. మన సినిమాల్లో ఏడుపులు తక్కువా? ఆ మౌనం చూడు.”

“మౌనం కాదు, అబద్ధం. ఏడిస్తే బహుమతి రాదని ఏడవనీలేదు. పేదోడికి ఏడ్చే హక్కు గూడా లేకుండా చేశారు.”

ఆ రోజు మేడ నిండా జనం. పక్క ఊళ్ల నించి లెక్చరర్లు కూడా వచ్చారు. వాళ్ల ముందు తన మాట పలచన అవుతోందని నరహరికి అనిపించిందేమో.

“రేడియోల్లో తీగలు అతికించుకునేవాడికి ఇట్టాంటివి ఎందుకు అర్థమవుతాయిలే,” అన్నాడు.

కొందరు నవ్వారు. కాలేషా రీలు చుట్టడం పూర్తిచేసి డబ్బాలో పెట్టి, డబ్బా నరహరి కాళ్ల దగ్గర ఉంచాడు. నన్ను చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. ఆనాటితో సొసైటీ మూతబడింది. సినిమా ఒకరింట్లో, దాన్ని ఆడించే యంత్రం ఒకరింట్లో. పట్టుదల విషయంలో మనుషులు చేసే పంపకాలు ఇలాగే ఉంటాయి.

కాలేషా ఇంట్లో కిటికీ పక్కన బల్ల మీద నన్ను పెట్టారు. అతని భార్య జైనాబీ తన పాత పలచటి ఓణీ ఒకటి నా మీద కప్పింది. అప్పుడప్పుడూ కాలేషా ఆ ఓణీ తీసి నూనె వేసి, బెల్టు సవరించి, మళ్లీ కప్పేవాడు. ఎందుకని జైనాబీ అడిగితే, తుప్పు పడుతుందని చెప్పేవాడు. ఒక పాత ఫిల్ము ముక్కతో ఆమెకూ ఎక్కించడం నేర్పాడు, ఎప్పుడు పనికొస్తుందో అన్నట్టు.

వాళ్ల కొడుకు మునీర్ ఇంటర్ చదువుతుండగా, స్నేహితులతో ఓడరేవుకు స్నానానికి వెళ్లి సముద్రంలో కొట్టుకుపోయాడు.

శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు ఇల్లంతా ఏడుపే. కాలేషా ఒక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కంట తడి లేదు. అప్పుడే నాకు కిటికీలోంచి సందు మొగలో నరహరి కనిపించాడు. సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండుసార్లు ఇటు అడుగు వేశాడు. జనాజా కదిలే వేళకు తలవంచుకుని పక్కకు తప్పుకున్నాడు. ఇంట్లో ఎవరూ అతన్ని చూడలేదు. చూసింది నేనొక్కణ్ణే. నాకు వచ్చిందల్లా ఎవరో పలికిన మాటలు మళ్లీ వినిపించడమే. సొంతంగా చెప్పడం రాదు.

మర్నాడు కాలేషా షాపు తీశాడు. సాయంత్రం ఇంటికి రాగానే జైనాబీ అతని చొక్కా పట్టుకుంది.

“నువ్వు మనిషివా, రాయివా? బిడ్డని పూడ్చిపెట్టి రేడియోలు ఎట్టా బాగుచేయగలిగావయ్యా?”

అతను చొక్కా విడిపించుకుని, నా మీది ఓణీ తీసి నూనె సీసా అందుకున్నాడు.

కొన్నేళ్లు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో ‘ఉప్పుమడి’ వేశారు. కాలేషా అన్నం ముందు కూర్చున్నవాడల్లా లేచి, టీవీకి బాగా దగ్గరగా వెళ్లి నిలబడ్డాడు. తెర మీద తండ్రి మడిలోకి దిగాడు. ఉప్పు లాగుతున్నాడు. అంతా అయ్యేదాకా కాలేషా కదల్లేదు.

“నరహరి చెప్పిందే నిజం జైనా,” అన్నాడు. “ఏడుపు రానోళ్లు కూడా ఉంటారు. చెయ్యి ఆపితే పడిపోతాం అనుకొని చేసుకుంటా పోతారు. నాకప్పుడు తెలియలా.”

జైనాబీ టీవీ ఆపింది. తర్వాత, “పోయి ఆయనకి చెప్పిరా,” అంది.

“మునీర్ పోయినప్పుడు గూడా రాలేదు వాడు.” మళ్లీ అన్నం ముందు కూర్చుని, “రేపు పోతాలే,” అన్నాడు.

ఆ రేపు చాలా ఏళ్లు సాగింది. ఒకసారి చొక్కా మార్చుకుని గుమ్మందాకా వెళ్లి, ఎండ ఎక్కువగా ఉందని తిరిగొచ్చాడు. చివరికి ఒకనాడు షాపులో బల్ల మీద తలవాల్చినవాడు మళ్లీ లేవలేదు.

ఈసారి నరహరి సందు మొగలో ఆగలేదు. గుమ్మం పట్టుకుని, నెరిసిన తలను చెక్కకు ఆనించి, పెద్దగా ఏడ్చాడు. రిటైరైన లెక్చరరుగారు అలా గొంతెత్తి ఏడవడం చూసి వీధి ఆడవాళ్లు తమ ఏడుపు ఆపేశారు.

నెల దాటాక జైనాబీ అతనికి కబురు పెట్టింది. “ఈ మిషను మీరు తీసకపోండన్నా. ఆయన నూనె పోసి దాచాడు, నాకెందుకు?” అంది. నరహరి నా మీది ఓణీని చేత్తో తడిమాడు. ఒక్కసారి ఆ సినిమా ఇక్కడే వేసుకుందామన్నాడు. అంత వాదించిన మనిషి ఆ సినిమాను మళ్లీ చూడనేలేదట. ఒక్కసారి చూసిన దాని గొప్పతనం ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతూ వచ్చాడట.

ఆదివారం మధ్యాహ్నం రీళ్ల డబ్బా తెచ్చాడు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఫిల్ము ఎక్కించింది జైనాబీయే. గోడ మీద బొమ్మ పడింది. నా ముందు మళ్లీ రెండు వీపులు.

కొడుకు చనిపోయే ఘట్టం నించి నరహరి కుదురుగా కూర్చోలేకపోయాడు. ఆఖరి దృశ్యం ముగిసి గోడ తెల్లబడగానే ఆమె వైపు తిరిగాడు.

“కాలేషా చెప్పిందే నిజమమ్మా. ఇది మనిషి దుఃఖం కాదు. మొన్న నేను మీ గుమ్మంలో ఎట్టా ఏడ్చానో చూశావుగా, ఆపుకుందామన్నా ఆగలా. వాడు ఆ రోజే కనిపెట్టాడు. వాణ్ణి పట్టుకుని అంతమాట అన్నాను.”

జైనాబీ నా స్విచ్చి ఆపి, ఒక దుప్పటి అంచు కాస్త పక్కకు జరిపింది.

“ఆయన మాట మార్చుకున్నాడన్నా,” అంది. మునీర్ పోయిన మర్నాడు షాపు తీయడం, తను రాయి అని తిట్టడం, టీవీలో సినిమా చూసి అతనన్న మాటలు, అన్నీ చెప్పింది. నరహరి వింటున్నంతసేపూ నేల చూపులే.

“మరి నా దగ్గరికి ఎందుకు రాలేదమ్మా?”

“మునీర్ పోయినప్పుడు మీరు రాలేదని.”

“వచ్చాను. సందు మొగదాకా వచ్చాను. వాడి మొహం చూడటానికి ధైర్యం చాలక...”

ఆమె అతని వైపు చూసింది. “ఆ ముక్క తెలియకుండానే పోయాడే,” అంది మెల్లగా.

ఇక ఎవరు ఎవరితో వాదిస్తారు? ఇద్దరూ ఒకరి పక్షానికి ఒకరు మారిపోయారు, ఒకడు ముందే వెళ్లిపోయాడు. వాళ్లిద్దరూ సరేననుకుని నవ్వుకోవాల్సిన మెట్లు ఆ మేడతో పాటే ఎప్పుడో కూలగొట్టారు.

“చివరి రీలు ఇంకోసారి వెయ్యమ్మా,” అన్నాడు నరహరి. “వాడు చూసినట్టు చూస్తాను.”

ఆమె రీలు వెనక్కి చుట్టి ఎక్కించింది. తండ్రి మడిలోకి దిగాడు. చెక్క ఉప్పు మీద ఆనింది. నరహరి ముందుకు వంగాడు. సరిగ్గా అప్పుడే, అన్నాళ్లూ నన్ను వెలిగించిన బల్బు చిటుక్కుమని పోయింది. గోడ మీద ఏమీ లేదు.

“ఉండండన్నా, దుప్పటి తీస్తా,” అంది జైనాబీ.

“వద్దమ్మా. కాసేపు ఉండనీ.”

వెలుగు పోయినా నా చక్రాలు ఆగలేదు. ఉప్పు మీద చెక్క గీసుకుంటున్న చప్పుడు ఆ గదిలో సాగుతూనే ఉంది. రీలు అయిపోయేదాకా ఇద్దరూ కూర్చునే ఉన్నారు. వాళ్లలో ఏడుస్తున్నదెవరో, ఏడవలేకపోతున్నదెవరో, ఆ చీకట్లో నాకూ తెలియలేదు.