వేప భరిణె మూత

నేను లేత్ మిషన్ ముందు నిలబడటం మా అత్త బుచ్చమ్మకు అస్సలు నచ్చదు. "ఆడిదానివి, కొంగు పట్టిందంటే ఏం గావాలె?" అని రోజూ ఒకసారి అంటుంది. కొంగు నడుముకు బిగించి, "పట్టదత్తా" అని నేనూ రోజూ ఒకసారి అంటాను. అంతకుమించి పోట్లాడుకోం. ఇద్దరివీ పెద్ద నోళ్లే, మొదలుపెట్టామంటే వాడకట్టంతా పనులు మానుకుని వచ్చి నిలబడుతుంది.

కురవిలో మా ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంటుంది ఆ మిషన్. మామ పోశాలు దాని మీద మంచం కోళ్లు, చపాతీ కర్రలు, పప్పు గుత్తులు తిప్పి ఇల్లు నడిపాడు. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఆ షెడ్డు ఊడ్చేది నేనే. ఉలి కింద నుంచి పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే చీపురు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయేదాన్ని. ఊడ్చి ఊడ్చి ఒకరోజు, ఆ పొట్టు రాల్చేది నేనెందుకు కాకూడదు అనిపించింది.

ఈ మధ్య మామ చెయ్యి వణుకుతోంది. మా ఆయన చిరంజీవి మానుకోటకు ఆటో నడుపుతాడు, చెక్క పని తన వల్ల కాదన్నాడు. ఇక మిషన్ ఎందుకని, జనగామలో ఇదే పని చేసే యాదగిరికి అమ్ముతానని మామ మాటిచ్చాడు. ఆ సంగతి తెలిసిన పూట నాకు అన్నం సహించలేదు. కంచం పక్కకు నెట్టి షెడ్డులోకి వెళ్లాను.

"మామా, అమ్మకు. నాకు నేర్పు."

మామ నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు గానీ నాకు మండింది.

"మంచం కోడు ఎవలైన తిప్పుతరు బిడ్డా. మూత తిప్పుడే అసలు పని. శిరీష ఒడిబియ్యానికి ఒక కుంకుమ భరిణె చెయ్యి. బోర్లిస్తే మూత పడొద్దు. రెండు వేళ్లతోని గుంజితే టప్పుమని రావాలె. గట్లయితే మిషన్ నీది. లేకుంటే యాదగిరిది."

శిరీష మా ఆడబిడ్డ, టేకుమట్లలో ఇచ్చారు. పెళ్లైన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, బొట్టు పెట్టి, కొంగులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు పోసి పంపడం మా దగ్గర పెద్ద పండుగే. ఆ రోజుకే యాదగిరిని కూడా పిలిచాడు మామ. ఎలాగూ భోజనం చేస్తాడు, నేను ఓడితే మిషన్ తీసుకుపోతాడు. నా ముందు ఇంత స్పష్టంగా పెట్టాక ఇక వెనక్కి తగ్గే మనిషినా నేను?

మొదటి భరిణెకు అడుగు ఊడింది. లోపల తొలుస్తూ ఎంత లోతు పోయానో చూసుకోలేదు, ఉలి అవతలి నుంచి తొంగి చూసింది. మిగిలిన కడియాన్ని అత్త తీసుకెళ్లి బిందె కింద కుదురుగా పెట్టుకుంది. "మంచిగనే పనికొచ్చింది," అంది పైగా. తర్వాతి దాని అంచు పలుచబడి పగిలింది. ఆ తర్వాతి దాని మూత చిన్నదై లోపలికి పడిపోయింది. కోపంతో దాన్ని చింతచెట్టు దాకా విసిరేశాను, మళ్లీ నేనే వెళ్లి ఏరుకొచ్చాను.

చెక్క ఏమో బాగా ఎండిన వేప మొద్దు. దాని పొడి పెదాల మీద పడితే తిన్నదల్లా చేదే. చారు చేదు, పెరుగు చేదు. "నీ మాట సుత చేదైంది," అన్నాడు చిరంజీవి. ఆ పూట అతనికి కూర సగమే వడ్డించాను.

మామ స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు. భరిణె అంచు మీద మూత కూర్చోవడానికి ఒక మెట్టు తీయాలి. అక్కడే ఉంది తిప్పలంతా.

"ఒక్క గీత తియ్యి. మిషన్ బందు చెయ్యి. మూత పెట్టి సూడు. మళ్ల ఒక్క గీత."

అంత ఓపిక నాకెక్కడిది? మూత ఇంకొంచెంలో పడుతుంది అనిపించగానే చెయ్యి ఉరికేది. ఒక గీత ఎక్కువ పోయేది, మూత గలగలలాడేది. కోపం చేతిలోకి దిగితే చెక్కకు తెలిసిపోతుందని మామ అనేవాడు. నాకు ఆ మాట మీద కూడా కోపం వచ్చేది. కానీ మెల్లగా చేతికే తెలిసొచ్చింది. చూసి కాదు, వేలితో తడిమి తీయాలి.

ఒడిబియ్యం ముందురోజు సాయంత్రం మూత కూర్చుంది. బోర్లించాను, పడలేదు. రెండు వేళ్లతో లాగాను. టప్! మళ్లీ పెట్టాను, మళ్లీ లాగాను. పిచ్చిదానిలా ఎంతసేపు ఆ చప్పుడు విన్నానో నాకే తెలియదు. కళ్లలో నీళ్లొచ్చాయి. ఎవరైనా అడిగితే వేప పొడి పడిందని చెబుదామనుకున్నా, ఎవరూ అడగలేదు. పైన తేనెమైనం రుద్ది మెరిపించాను. లోపల, అంచు దగ్గర మాత్రం కుంకుమకు జిడ్డు అంటకూడదని ఏమీ రాయలేదు.

"రేపు అందరి ముందర సూస్త," అని మామ ముట్టుకోను కూడా లేదు. భరిణెను దేవుడి గూట్లో పెట్టాను.

తెల్లారింది. శిరీష, ఆమె పెనిమిటి పీటల మీద కూర్చున్నారు. యాదగిరి గోడవారన కుర్చీలో కూర్చుని తన గుబురు మీసాలు దువ్వుకుంటున్నాడు. బయట అతని ట్రాలీ. అత్త భరిణె తీసుకుని శిరీషకు బొట్టు పెట్టబోయింది. మూత రాలేదు.

అత్త కొంగుతో పట్టి లాగింది. రాలేదు. శిరీష లాగింది. చిరంజీవి పళ్లు బిగించి లాగాడు. యాదగిరి లేచొచ్చి, తువ్వాల చుట్టి, మీసాలు కూడా వణికేటట్టు లాగాడు. అది కదిలితే ఒట్టు.

"వదినే, కుంకుమకు తాళమేసినవా ఏంది?" అని శిరీష పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. మామ ఒక్కడే నవ్వలేదు.

"మరి ట్రాలీ ఇటు తిప్పమందునా, పోశాలన్నా?" అన్నాడు యాదగిరి మెల్లగా.

నిన్న సాయంత్రం వెన్నలా వచ్చిన మూత ఇవాళ ఎందుకు రాదు? భరిణె లాక్కుని చూశాను. మూత, భరిణె కలిసే కీలు చుట్టూ సన్నటి పసుపు గీత. ముక్కు దగ్గర పెట్టుకుంటే పసుపు వాసన. తలెత్తి అత్త చేతులు చూశాను. గోళ్ల దాకా పచ్చగా ఉన్నాయి.

"అత్తా, దీన్ని కడిగినవా?"

"కడగనా మరి?" అంది అత్త. "కొత్తది గదా! కొత్త చాటకు పసుపు పుయ్యమా, కొత్త కుండకు పుయ్యమా? పొద్దుగాల్నే పసుపు నీళ్లల్ల మంచిగ నానబెట్టి, కుంకుమ నింపి మూత బిర్రుగ పెట్టిన. నా కోడలు జేసింది అందరి ముందర పెడుతున్నం, ఉత్తగ పెడుతమా?"

రోజూ నన్ను మిషన్ దగ్గర నుంచి తరిమే మనిషి, నేను చేసిన దానికి పొద్దున్నే లేచి పసుపు పూసింది. కోప్పడాలో కాళ్లకు మొక్కాలో తెలియలేదు. వేప చెక్క కడుపునిండా పసుపు నీళ్లు తాగి ఉబ్బింది, అంతే సంగతి.

మామ లేచాడు. "మిషన్ మీదికి ఎక్కియ్యి. కీలు కాడ ఒక్క గీత తియ్యి. తీసి సూపియ్యి."

అందరం షెడ్డులోకి నడిచాం. శిరీష ఒడి కట్టుకున్న కొంగుతోనే వచ్చింది. భరిణె అడుగును మిషన్‌కున్న చెక్క దిమ్మె గుంటలో బిగించాను. స్విచ్ వేశాను. భరిణె గిర్రున తిరిగింది. ఉలి మొన కీలుకు ఆనించి, ఒక్క గీత. ఇంకొక్క గీత. మూత సడలింది.

లోపల కుంకుమ ఉన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

మూత ఎగిరింది. దాని వెనకాలే కుంకుమంతా లేచింది. మామ తెల్ల బనియను ఎర్రబడింది, అత్త కొప్పు ఎర్రబడింది, చిరంజీవి కళ్లు నులుముకుంటూ కూలబడ్డాడు. యాదగిరి మీసాలైతే వీరభద్రస్వామి గుడిలో మొక్కు తీర్చుకుని వచ్చినట్టున్నాయి. మిషన్ బెల్టు, మోటారు, స్విచ్, అన్నింటికీ బొట్లే. మూత పోయి శిరీష కొంగులో పడింది.

స్విచ్ తీశాను. ముందుగా నవ్వింది మామే. స్టూలు పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఇన్నేండ్ల పనోన్ని, నేను సుత మరిచిన గదనే!"

నవ్వు తగ్గాక శిరీష కొంగులోంచి మూత తీసుకున్నాడు. తువ్వాలతో తుడిచి భరిణె మీద పెట్టాడు. బోర్లించాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఏదీ కింద పడిన చప్పుడు కాలేదు. కళ్లు తెరిచేసరికి వణికే రెండు వేళ్లతో మూత పట్టుకున్నాడు.

టప్.

మామ ఉలి నా చేతిలో పెట్టి, నా పిడికిలి మూసి, దాని మీద తన చెయ్యి కాసేపు ఉంచాడు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి పొడి మీదకు నెట్టలేదు, బాహాటంగానే ఏడ్చాను.

"దసరకు పెట్టినట్టు మిషన్‌కు బొట్టు పెట్టింది మీ కోడలు," అన్నాడు యాదగిరి మీసాలు దులుపుకుంటూ. "ఇగ నేనెట్ల తీస్కపోత? అన్నం పెట్టుండ్రి, ఆకలైతున్నది."

భరిణె అడుగున చిటికెడు కుంకుమ మిగిలింది. అత్త దాంతో శిరీషకు బొట్టు పెట్టి, ఒడిలో బియ్యం, కుడుకలు పోసింది. తర్వాత నా దగ్గరకొచ్చి నాకూ పెట్టింది. ఎవరూ వినకుండా చెవి దగ్గరికి వంగింది.

"నాకొకటి చెయ్యి బిడ్డా," అంది. "ఈసారి కడుగను తియ్యి."