హిమావృతం

తెల్లారి మేకల పాలు పిండి, తల మీద కంబళి కప్పుకోని నల్లమ్మ ఎవురిదో ఒకరి చేను కాడికి పోతాది. మొగుడు పోయిన మనిషి మొగం పచ్చని చేనుకు ఎదురుపడకూడదని ముదిగుబ్బ పక్కనున్న ఆ ఊర్లో పట్టింపు. అందుకే కండ్లు కూడా మూసే ముసుగు. గట్టు మీద నిలబడి ఒకటే మాట అంటాది.

"హిమావృతం."

అనంగానే చేనంతా తెల్లగా మంచు. ఎండెక్కేసరికి కరిగి, శెనక్కాయ చెట్లకు ఒక తడి అవుతాది. దినానికి ఒక్క చేనే. రెండోసారి అంటే ఉత్త గాలే వస్తాది.

ఆ మాట ఆమె మొగుడు వీరేష్‌ది. మిలిట్రీలో ఉన్నప్పుడు కొండల ఫోటో పంపి, కింద ఆ మాట రాసినాడు. అర్థం చెప్పింది చదువుకున్న బసప్ప. "రోంత మంచు రాలితే ఇట్ల అనకూడదమ్మే. కింద ఏముండాదో తెలీకుండా కప్పితేనే అనల్ల." ఆ మంచులోనే వీరేష్ పోయినాడు. మాట ఈమెకు మిగిలింది.

రెండు నెల్లుగా వాన లేదు. శెనక్కాయకు ఊడలు మన్నులోకి దిగి కాయ పట్టే టయం. నల్లమ్మ ఎకరా రేపటికన్నా తడవకపోతే ఉత్త గడ్డే.

"అన్నా, ఈ పొద్దు మాది తడుపుకుంటా," అని బసప్పను అడిగింది.

"నీదేముంది, గోచిపాత! నాది ఆరెకరాలు. మీ అంజలిని కలుపుకు పంపు. రేపు వంతు నీకే."

పదహారేండ్ల కూతురు అంజలి కొడవలి తీసుకోని ముందే పోయింది. "నువ్వొచ్చేలోపల గట్టెక్కి ఉంటాలేమ్మా."

గట్టు మీద నల్లమ్మ ముసుగులోంచే అడిగింది. "మా పాప బయటికొచ్చిందా అన్నా?"

బసప్ప ఫోన్లో ఎవురితోనో నవ్వుతాండాడు. "వచ్చింటాది లే. అనమ్మే, ఎండెక్కుతాండాది."

"ఒక్కసారి ముసుగు తీసి చూస్తా."

"థూ! నా చేను మాడిపోవల్లనా? అను!"

అనింది.

మధ్యాన్నానికి మంచు కరిగింది. ఎర్రమన్ను మెత్తగా తడిసింది. చివరి సాలులో చెప్పులు, కొడవలి, పీకిన కలుపు కుప్ప ఉండాయి. పిల్ల లేదు. ఊరంతా కలిసి తవ్వినా లేదు.

బసప్ప మాట తప్పలే. మర్నాడు వంతు ఆమెకే ఇచ్చినారు. నల్లమ్మ ఇల్లు కదల్లే. ఆమె ఎకరా ఎండిపాయ. తర్వాత పక్కోళ్లది. ఒక్క తడి ఎన్నాళ్లు నిలుస్తాది? వారానికి బసప్ప ఆరెకరాలూ వాడిపోయినాయి.

అప్పుడు అందరూ ఆమె వాకిట్లోకొచ్చినారు. బసప్ప పెండ్లాము మల్లీశ్వరి తన చేత్తోనే కంబళి తీసేసింది. "మా చేన్లకు నీ మొగం చూపిచ్చు తల్లీ. ఇట్ల తిరుగు. ఒక్క మాట అను."

నల్లమ్మ ఒక్కొక్కరి మొగం చూసింది. వాళ్ల వెనక చేన్లు చూసింది. నోరు తెరిచింది.

"ఎండ బాగా కాస్తాండాది," అనింది.

చేన్ల మీద ఎండ ఇంకా రోంత తెల్లబడింది.